అంపైరూ వాళ్ళే, అంగడీ వాళ్ళదే

చీర్‌లీడింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది ఐపీఎల్. సిక్సర్ పడగానే బౌండరీ తాడు అవతల ఎగిరే నలుగురు అమ్మాయిలు. అమెరికాలో పిల్లలు ఏడాది పొడుగునా సాధన చేసి పోటీలకు వెళ్ళే చీర్ అది కాదు. ఆల్‌స్టార్ చీర్ అంటారు దాన్ని. అక్కడ హుషారు చేయడానికి వేరే జట్టంటూ ఉండదు, ఆట వీళ్ళదే. 54 అడుగుల పొడవు, 42 అడుగుల వెడల్పున్న స్ప్రింగ్ ఫ్లోర్ మీద రెండున్నర నిమిషాల రొటీన్. అందులోనే పల్టీలు, జంప్‌లు, స్టంట్లు, పిరమిడ్, చివర్లో డ్యాన్స్. కింద ఇద్దరు బేస్‌లు, వెనక ఒక బ్యాక్‌స్పాట్, వాళ్ళ చేతుల మీద ఒంటికాలిపై నిలబడే ఫ్లయర్. ఫ్లయర్ చీలమండ అంగుళం పక్కకు జారితే స్టంట్ కూలుతుంది, పాయింట్లు పోతాయి. ఒక్క తప్పూ లేకుండా ముగిస్తే ‘హిట్ జీరో’ అని జిమ్ మొత్తం సంబరం చేసుకుంటుంది.

ఈ ఆట మనవాళ్ళకు దూరపుదేమీ కాదు. టెక్సస్‌లో డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాలు ఎంత దట్టంగా ఉన్నాయో చెప్పక్కర్లేదు. దేశంలో పేరున్న చీర్ జిమ్ములు కొన్ని ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. ఈ రంగంలో పెద్ద పోటీల్లో ఒకటైన ఎన్‌సీఏ ఆల్‌స్టార్ నేషనల్స్ జరిగేది డాలస్‌లో. కూచిపూడి క్లాసు నుంచి నేరుగా చీర్ ప్రాక్టీసుకు దింపే అమ్మానాన్నలు బిల్లు చూసి నోరు వెళ్ళబెట్టడం మామూలే. ఆ బిల్లు అంత ఎందుకవుతుందన్నది జిమ్ యజమాని అత్యాశతో తేలే లెక్క కాదు. అసలు కీలు ‘బిడ్’ దగ్గర, అంటే సీజన్ చివరి పెద్ద పోటీకి వెళ్ళే అర్హత దగ్గర ఉంది. దాని దగ్గరికి వెళ్ళే ముందు కాస్త చరిత్ర కావాలి.

1948లో డాలస్‌కు చెందిన లారెన్స్ హెర్కిమర్ నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్, అంటే ఎన్‌సీఏ పెట్టాడు. టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ కాలేజీలో ఆయన నడిపిన తొలి శిబిరానికి వచ్చింది 52 మంది అమ్మాయిలు, ఒక అబ్బాయి. శిబిరానికి వచ్చినవాళ్ళకే పాంపాంలు, స్వెటర్లు, స్కర్టులు అమ్మొచ్చన్న కిటుకు కనిపెట్టిందీ ఆయనే. ఆయన దగ్గర పనిచేసిన జెఫ్ వెబ్ 1974లో బయటికొచ్చి యూనివర్సల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్ (యూసీఏ) మొదలెట్టాడు. మెంఫిస్ కేంద్రంగా అదే వార్సిటీ అనే కంపెనీగా ఎదిగింది. శిబిరం, పోటీ, యూనిఫాం మూడూ ఒకే చూరు కింద. 2004లో ఎన్‌సీఏ నడిపే కంపెనీనే వార్సిటీ కొనేసింది. అంటే గురువుగారి దుకాణాన్ని శిష్యుడు కొన్నాడన్నమాట. 2015లో పోటీల నిర్వహణలో గట్టి ప్రత్యర్థిగా ఉన్న జామ్ బ్రాండ్స్, 2018లో ఎపిక్ బ్రాండ్స్ కూడా వచ్చి ఆ గూటికే చేరాయి.

ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కొన్నాక పాత పేర్లు తీసెయ్యరు. ఎన్‌సీఏ, యూసీఏ, చీర్‌స్పోర్ట్ అని బ్యానర్లు వేరువేరుగా వేలాడుతుంటాయి. ‘ఈసారి వేరే కంపెనీ పోటీకి వెళ్తున్నాం’ అని తల్లిదండ్రులు అనుకుంటారు. డబ్బు చేరే గల్లాపెట్టె ఒక్కటే. ఆ గల్లాపెట్టె యజమానులు కూడా మారుతూ వచ్చారు. 2014లో చార్ల్స్‌బ్యాంక్, 2018లో బెయిన్ క్యాపిటల్, 2024లో కేకేఆర్. బెయిన్ కొన్నప్పుడు ధర సుమారు 250 కోట్ల డాలర్లని, కేకేఆర్ కొన్నప్పుడు సుమారు 475 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. అందులో స్కూలు ఆటల దుస్తుల వ్యాపారం కూడా కలిసి ఉంది, మొత్తం చీర్ విలువే అనుకోకూడదు. అయినా ఇలాంటి ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు కొన్నదాన్ని కొన్నేళ్ళు పెంచి అమ్ముకుంటాయి. పెంచడమంటే ప్రతి కుటుంబం నుంచి ఏటా ఇంకాస్త ఎక్కువ రాబట్టడం.

ఒక కంపెనీ పెద్దదవడం నేరమేం కాదు. అసలు గొడవ 2003లో మొదలైంది.

ఆ ఏడాది యూఎస్ ఆల్‌స్టార్ ఫెడరేషన్, యూఎస్‌ఏఎస్‌ఎఫ్ పుట్టింది. ఏ లెవెల్‌లో ఏ స్టంట్ చెయ్యొచ్చు, ఏ వయసు పిల్లలు ఏ విభాగంలోకి వస్తారు, కోచ్‌కు ఏ అర్హత ఉండాలి, ప్రపంచ పోటీకి ఎవరు వెళ్తారు అన్నవి తేల్చే సంస్థ అది. పేరుకు లాభాపేక్ష లేనిది. దాన్ని నిలబెట్టడానికి వడ్డీ లేని అప్పిచ్చింది వార్సిటీయే. తొలినాళ్ళలో సిబ్బంది జీతాలూ అటునుంచే వచ్చాయి. బోర్డులో పోటీలు నిర్వహించే కంపెనీలకు శాశ్వత స్థానాలు పెట్టారు. మొదట్లో అవి వేరువేరు కంపెనీలు కాబట్టి ఎవరి ఓటు వాళ్ళది. వార్సిటీ ఒక్కో కంపెనీని కొంటూ పోయేకొద్దీ ఆ కుర్చీలు, ఓట్లు కూడా ఒకే చేతికి చేరాయి. నిబంధనావళిలో ఒక్క అక్షరం మార్చకుండానే నియంత్రణ సంస్థ చేతులు మారిపోయింది.

ఇంతకన్నా సూటిగా మనకు అర్థమయ్యే ఉదాహరణ మన క్రికెట్‌లోనే ఉంది. బోర్డు పదవుల్లో ఉన్నవాళ్ళు ఐపీఎల్ జట్లు కొనుక్కునేలా 2008లో బీసీసీఐ తన 6.2.4 నిబంధన సవరించుకుంది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో అయితే ఒక్కరి గుప్పిట్లోనే అనేక క్లబ్బులు, వాటన్నిటి ఓట్లు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు 2023లో అలాంటి 57 క్లబ్బులను సంఘం ఎన్నికల నుంచి పక్కన పెట్టాల్సి వచ్చింది. క్లబ్బులు కొని ఓట్లు కూడబెట్టడమంటే ఏమిటో ఉప్పల్ స్టేడియం గొడవలు చూసినవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. చీర్ విషయంలో అలా పక్కన పెట్టడానికి ఏ నాగేశ్వరరావూ రాలేదు.

ఇప్పుడు బిడ్. ఆల్‌స్టార్‌లో సీజన్ చివర ‘వరల్డ్స్’ ఉంటుంది. ఏప్రిల్ నెలలో, ఫ్లోరిడా డిస్నీవరల్డ్‌లోని క్రీడా సముదాయంలో. 2004లో మొదలైన ఈ పోటీ పై లెవెళ్ళవాళ్ళకు. కింది లెవెళ్ళ పిల్లల కోసం వార్సిటీ 2013లో ‘సమ్మిట్’ పెట్టింది. అదీ డిస్నీలోనే. రెండింటికీ నేరుగా పేరిచ్చి వెళ్ళడం కుదరదు. సీజన్‌లో జరిగే పోటీల్లో బిడ్ గెలవాలి. బిడ్‌లో మళ్ళీ అంతరాలు. ఖర్చు మొత్తం నిర్వాహకులు పెట్టుకునే ఫుల్ పెయిడ్, కొంత పెట్టుకునే పార్షియల్, ‘అర్హత ఇచ్చాం, ఖర్చు మీదే’ అనే ఎట్ లార్జ్. వరల్డ్స్ బిడ్ ఇచ్చే అధికారం కొద్దిమంది నిర్వాహకులకే ఉంటుంది, ఆ కొద్దిమంది ఎవరో తేల్చేది యూఎస్‌ఏఎస్‌ఎఫ్. సమ్మిట్ బిడ్ అయితే వార్సిటీ పోటీల్లోనే దొరుకుతుంది.

దీంతో ఏమవుతుందో చూడండి. మీ ఊళ్ళోనే ఒక చిన్న నిర్వాహకుడు తక్కువ ఫీజుకు, మంచి ఫ్లోర్ మీద, ఆలస్యం లేకుండా పోటీ పెట్టాడనుకుందాం. జిమ్ యజమాని అడిగే మొదటి ప్రశ్న ‘బిడ్ ఇస్తారా?’ ఇవ్వలేడు. ఇవ్వలేడు కాబట్టి పెద్ద జిమ్ములు రావు. పెద్ద జిమ్ములు రాకపోతే గెలిచినా విలువ లేదని చిన్న జిమ్ములూ రావు. రెండు మూడు సీజన్లు నష్టపోయి అతను మూసేస్తాడు, లేదా అమ్మేస్తాడు. కొనేదెవరో ఊహించుకోవచ్చు. ధర తగ్గించి పోటీపడటం మార్కెట్ సూత్రమే కావచ్చు, కానీ ఇక్కడ అమ్మకానికున్న సరుకు రెండున్నర నిమిషాల ఫ్లోర్ సమయం కాదు, డిస్నీకి దారి. పన్నెండేళ్ళ పిల్లకు సమ్మిట్‌కు వెళ్ళాలని ఉంటుంది. ఆ కోరిక మీద ఎవరికి హక్కుందో వాళ్ళే ధర నిర్ణయిస్తారు.

మరి జిమ్ యజమానులు ఎందుకు తిరగబడరు? రిబేటు వల్ల. ఏడాదిలో ఇన్ని పోటీలకు వస్తామని, ఇంత ఖర్చు చేస్తామని ఒప్పుకున్న జిమ్‌కు సీజన్ చివర కొంత సొమ్ము వెనక్కి వస్తుంది. కొన్ని పథకాల్లో నగదుగా కాక, అదే కంపెనీ దుస్తులు కొనుక్కునే క్రెడిట్‌గా. పెద్ద జిమ్ములతో చేసుకునే ఒప్పందాలు కొన్ని ఏళ్ళ తరబడి ఉంటాయి. లెక్క వేస్తేనే ఇది బోధపడుతుంది. కింది అంకెలు నమూనా మాత్రమే.

జిమ్‌లో 120 మంది పిల్లలు. పోటీకి తలకు 130 డాలర్ల ప్రవేశ రుసుం, ఏడాదికి 7 పోటీలు. మొత్తం 1,09,200 డాలర్లు. లక్ష దాటితే 10 శాతం రిబేటు అనుకుందాం, 10,920 డాలర్లు. ఇప్పుడు తల్లిదండ్రులు వచ్చి, రెండు పోటీలు పక్కూరి నిర్వాహకుడి దగ్గర చేద్దాం, అక్కడ 90 డాలర్లేనని అడిగారు. పిల్లకు 80 డాలర్లు మిగులుతాయి, అందరికీ కలిపి 9,600. కానీ పెద్ద కంపెనీకి కట్టేది 78,000కు పడిపోయి గీత కిందికి వచ్చేసింది, రిబేటు మొత్తం పోయింది. తల్లిదండ్రులకు 9,600 లాభం, యజమానికి 10,920 నష్టం. ప్రవేశ రుసుం కట్టేది తల్లిదండ్రులు, ఏ పోటీకి వెళ్ళాలో తేల్చేది యజమాని, రిబేటు చేరేది యజమానికి. ఈ మూడు ముక్కలూ కలిపి చూస్తే యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. అద్దె, ఇన్సూరెన్స్, కోచ్‌ల జీతాలు నెత్తిన ఉన్న ఎవరైనా ఆ 10,920 వదులుకోరు.

హోటల్ సంగతి ఇంకా విడ్డూరం. దీన్ని ‘స్టే టు ప్లే’ అంటారు. దూరం నుంచి వచ్చే జట్టు నిర్వాహకుల జాబితాలోని హోటల్‌లో, వాళ్ళ బుకింగ్ ద్వారానే దిగాలి. లేదంటే పోటీకి అర్హత పోతుంది. దగ్గర్లోని ఊళ్ళవాళ్ళకు మినహాయింపు ఉంటుంది. అదే హోటల్‌లో అదే గది బయటి వెబ్‌సైట్‌లో తక్కువకు కనిపించినా తీసుకోకూడదు. బాబాయిగారింట్లో పడుకుంటామన్నా ముందే అనుమతి అడగాలి. పోటీలో ప్రతిభకూ పడుకున్న మంచానికీ సంబంధమేమిటని ఎవరైనా అడిగితే ‘భద్రత కోసం, జట్టంతా ఒకచోట ఉండటానికి’ అంటారు. హోటళ్ళు గదికింత అని నిర్వాహకులకు కమీషన్ ఇస్తాయన్నది మాత్రం ఆ జవాబులో ఉండదు. లోపలికి వెళ్ళాక ప్రేక్షకుల టికెట్ వేరు. రాలేని తాతయ్యలు, అమ్మమ్మలు ఇంట్లో చూడాలంటే వార్సిటీ టీవీ చందా వేరు. కార్పొరేట్ కాలేజీలో ఫీజు, హాస్టలు, మెటీరియల్, యూనిఫాం, చివరికి మెస్సు దాకా ఒకే రసీదు పుస్తకం మీద కట్టిన తల్లిదండ్రులకు ఈ పద్ధతి కొత్తగా ఏమీ అనిపించదు.

యూనిఫాం గురించి ఒక పక్కదారి. చీర్ యూనిఫాం మీది చారలు, వీ ఆకారపు గీతలకు కాపీరైట్ ఉంటుందా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. స్టార్ అథ్లెటికా అనే చిన్న కంపెనీపై వార్సిటీ వేసిన దావాలో, 2017 మార్చి 22న 6-2 తేడాతో వార్సిటీకి అనుకూలంగా తీర్పు వచ్చింది. గుడ్డ నుంచి విడదీసి బొమ్మగా ఊహించుకోగలిగిన డిజైన్‌కు కాపీరైట్ రక్షణ దొరకవచ్చన్నది దాని సారం. ఈ తీర్పును మేధోహక్కుల లాయర్లు ఇప్పటికీ పాఠంలా చదువుకుంటారు. చీర్‌లో దాని ఫలితం మామూలు భాషలో ఇదీ: దర్జీ చేత అలాంటిదే కుట్టించి తక్కువకు అమ్ముదామనుకునే చిన్న తయారీదారుకు నోటీసు భయం.

డబ్బు ఎక్కువ పోతే పోయిందిలే అనుకునేవాళ్ళుంటారు. నియమాలు రాసేవాళ్ళూ సరుకు అమ్మేవాళ్ళూ ఒకరే అయినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది జేబు కాదు, భద్రత.

మొదటిది గాయాలు. చీర్‌ను క్రీడగా గుర్తించాలని, అలా చేస్తే అథ్లెటిక్ ట్రైనర్లు, వైద్య పరీక్షలు, ప్రాక్టీసు వేళలపై పరిమితులు వస్తాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే సిఫార్సు చేసింది. స్కూలు చీర్ అధికారికంగా క్రీడ అయితే మరొకటీ జరుగుతుంది. సీజన్ ఎప్పుడు మొదలవ్వాలి, ఎన్ని పోటీలకు వెళ్ళొచ్చు, ఎంత దూరం వెళ్ళొచ్చు అన్నవి రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘాలు నిర్ణయిస్తాయి. వేసవి శిబిరాలూ దేశవ్యాప్త పోటీలూ అమ్ముకునే కంపెనీకి ఈ పరిమితులు గిట్టుబాటు కావు. 2010లో క్విన్నిపియాక్ యూనివర్సిటీ కేసులో ఫెడరల్ జడ్జి, పోటీ చీర్‌కు ఒక పద్ధతైన సీజన్, ఏకరూప నిబంధనలు లేవు కాబట్టి అప్పటికి దాన్ని యూనివర్సిటీ స్థాయి క్రీడగా లెక్కించలేమన్నాడు. మరోవైపు అంతర్జాతీయంగా చూస్తే కథ వేరు. అప్పట్లో జెఫ్ వెబ్ అధ్యక్షుడిగా ఉన్న అంతర్జాతీయ చీర్ యూనియన్‌కు ఒలింపిక్ కమిటీ 2016లో తాత్కాలికంగా, 2021లో పూర్తిగా గుర్తింపు ఇచ్చింది. ఒలింపిక్స్ వైపు చూసేటప్పుడు క్రీడ, కొన్ని రాష్ట్రాల్లో స్కూలు గేటు దగ్గర మాత్రం ‘యాక్టివిటీ’.

రెండోది ఇంకా బరువైనది. 2020లో యూఎస్‌ఏ టుడే పత్రిక పరిశోధించి, మైనర్లకు సంబంధించిన లైంగిక నేరాల అభియోగాలు ఎదుర్కొన్న దాదాపు 180 మంది చీర్ రంగంవాళ్ళ పేర్లు యూఎస్‌ఏఎస్‌ఎఫ్ నిషేధిత జాబితాలో లేవని బయటపెట్టింది. కోర్టు రికార్డుల్లో ఉన్నవే ఆ పేర్లు, ఎక్కడో పాతిపెట్టిన రహస్యాలు కావు. 2022లో దక్షిణ కరోలినాలో మొదలైన దావాలు జిమ్ కోచ్‌లతో ఆగలేదు, వార్సిటీనీ యూఎస్‌ఏఎస్‌ఎఫ్‌నూ బెయిన్‌నూ కూడా ప్రతివాదులుగా చేర్చాయి. ఆరోపణలను కంపెనీ ఖండించింది. తప్పెవరిదో కోర్టులు చెప్తాయి. నిర్మాణంలో ఉన్న లోపం చూడటానికి మాత్రం కోర్టు అక్కర్లేదు. ఒక పెద్ద జిమ్ మీద ఫిర్యాదు వచ్చింది. ఆ జిమ్‌ను సస్పెండ్ చేస్తే కొన్ని వందల మంది పిల్లల ప్రవేశ రుసుములు, గదులు, యూనిఫాం ఆర్డర్లు ఆ సీజన్‌కు పోతాయి. విచారించాల్సిన సంస్థ బోర్డులో కూర్చున్నది ఆ ఆదాయం పోగొట్టుకునేవాళ్ళే. వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, అలాంటి కుర్చీలో కూర్చోబెట్టకూడదు.

వార్సిటీ వైపు వాదన తీసిపారేసేదేమీ కాదు. యూఎస్‌ఏఎస్‌ఎఫ్ రాకముందు ఒక్కో పోటీలో ఒక్కో రూలు. ఫ్లయర్‌ను గాల్లోకి విసిరే ‘టాస్’ ఒకచోట అనుమతి, మరోచోట నిషేధం. లెవెళ్ళ విభజన, కోచ్‌లకు శిక్షణ, జడ్జీలకు ఒకే తరహా స్కోర్‌షీట్ తెచ్చింది ఈ వ్యవస్థే. పెద్ద పోటీ సమయానికి మొదలై సమయానికి ముగుస్తుందంటే వెనక అంత పెద్ద యంత్రాంగం ఉండబట్టే. ఒప్పుకోవాల్సిందే. కానీ ఏకరూప నిబంధనల కోసం ఏక యజమాని అక్కర్లేదు. జిమ్నాస్టిక్స్‌లో నిబంధనలు రాసేది అంతర్జాతీయ సమాఖ్య. జిమ్నాస్ట్‌లు వేసుకునే లియోటార్డులు అమ్మే కంపెనీ కాదు.

2020లో టెనెసీ ఫెడరల్ కోర్టులో యాంటీట్రస్ట్, అంటే గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా వేసే దావాలు పడ్డాయి. ఆల్‌స్టార్ పోటీల్లో 90 శాతం, దుస్తుల్లో 80 శాతం మార్కెట్ వార్సిటీదేనని వాటిలో ఆరోపించారు. కంపెనీ తప్పేమీ ఒప్పుకోకుండానే రెండు పెద్ద కేసులు రాజీతో ముగిశాయి. నేరుగా డబ్బు కట్టిన జిమ్ములు, ప్రేక్షకుల తరఫు కేసులో 4.35 కోట్ల డాలర్లు, జిమ్ముల ద్వారా కట్టిన తల్లిదండ్రుల తరఫు కేసులో 8.25 కోట్ల డాలర్లు. వ్యాపార పద్ధతుల్లో కొన్ని మార్పులకూ అంగీకరించారు. పత్రికల్లో పతాక శీర్షికలకు ఈ అంకెలు బాగుంటాయి. 475 కోట్లకు చేతులు మారిన కంపెనీకి రెండూ కలిపినా 13 కోట్లు కూడా దాటని ఆ ఖర్చు ఏపాటిదో లెక్క వేసుకోవచ్చు.

రాజీ డబ్బుతో తెగేది కాదిది. నియంత్రణ సంస్థ బోర్డులో పోటీలు నిర్వహించే కంపెనీలకు ఓటు ఉండకూడదు, సలహా ఇచ్చే కుర్చీ చాలు. కొనుగోలుతో కలిసొచ్చిన కుర్చీలు కొన్న రోజే రద్దవ్వాలి. వరల్డ్స్‌కు బిడ్ ఎవరి పోటీలో గెలిచారన్నదానితో కాక, ఒకే స్కోర్‌షీట్ మీద వచ్చిన మార్కులతో రావాలి. అర్హత ఉన్న ఏ నిర్వాహకుడి ఫ్లోర్ మీదైనా సరే. ఫిర్యాదుల విచారణ, నిషేధిత జాబితా ఈ రంగం నుంచి ఒక్క డాలరు అమ్మకాల ఆదాయం లేనివాళ్ళకు అప్పగించాలి. వీటిలో మొదట పట్టుబట్టాల్సింది బిడ్ గురించే. బిడ్ విడిపోతే రిబేటు పట్టు, హోటల్ పట్టు వాటంతటవే సడలుతాయి.

అవన్నీ జరిగేలోపు, మే నెలలో ట్రయవుట్స్ అయ్యాక జిమ్ ఒప్పంద పత్రం చేతికొచ్చినప్పుడు సంతకానికి ముందు కొన్ని అడగొచ్చు. సీజన్‌లోని పోటీల పట్టికలో ప్రతి పేరు పక్కనా అసలు యజమాని ఎవరో రాసివ్వమనండి. వేరువేరు బ్యానర్ల వెనక ఎన్ని ఒకే ఇంటివో అక్కడే తేలుతుంది. స్టే టు ప్లే వర్తించే పోటీలేవి, స్థానికులకు మినహాయింపు ఎన్ని మైళ్ళలోపో కనుక్కోండి. పిల్ల చెయ్యి విరిగి జనవరిలో మానేస్తే ఫిబ్రవరి నుంచి ఫీజు ఆగుతుందా, ఏడాదంతా కట్టాలా చూసుకోండి. చాలా ఒప్పందాల్లో రెండోదే ఉంటుంది. సమ్మిట్‌కు ఎట్ లార్జ్ బిడ్ వస్తే వెళ్ళక తప్పదా, అప్పుడు అయ్యే ఖర్చు ఇప్పటి అంచనాలో కలిసి ఉందా అడగండి. సాధారణంగా కలిసి ఉండదు, ఏప్రిల్‌లో విడిగా పడుతుంది. కోచ్‌లందరి బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఏ తేదీన చేయించారో, ఫిర్యాదు జిమ్‌లో కాకుండా బయట ఎవరికి ఇవ్వాలో కాగితం మీద తీసుకోండి. చివరగా, రిబేటు వస్తోందా, వస్తే పిల్లల ఖాతాల్లో జమ అవుతుందా అని అడగండి. కొన్ని జిమ్ములు తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బుకు లెక్క చూపిస్తాయి, అలాంటి జిమ్ దొరికితే పది మైళ్ళు ఎక్కువ డ్రైవ్ చేసినా నష్టం లేదు.